బెరడు, బిరడా

యాభై ఏళ్ళు బెరడు ఒలిచాను
అలెంతేజు ఎండల్లో.
ఎవరి సీసాలకో బిరడాలయ్యే బెరడు.
అరవై ఎనిమిదో ఏట
నాకే ఒకటి బిగించారు,
గుండెలో.

నవ్వకు, ఒతీలియా.

మా పనికి కళ్ళ కంటే ముందు చెవి కావాలి.
గొడ్డలి దిగినప్పుడు బోలుగా మోగితే
బెరడు వదులుతుంది.
పొడిగా టక్కుమంటే ఆగాలి,
ఈ ఏడు ఆ చెట్టు ఇవ్వదు.
వెంట్రుకవాసి లోతుకి పోయావో
లోపలి పొర తెగుతుంది.
దాన్ని మేం తల్లి అంటాం.
తల్లి తెగినచోట మళ్ళీ బెరడు రాదు.

ఆ చెవితోనే విన్నాను
రెండేళ్ళ కిందట, దిండు మీద,
నా గుండె వరస తప్పడం.
ఎండుటాకుల మీద పిల్లి నడిచినట్టు
ఆగి, ఉరికి, మళ్ళీ ఆగి.
నీకు చెప్పలేదు.
ఆ వారమే కదా అనీబల్ పడిపోయింది,
జీవితమంతా నిచ్చెనలెక్కినవాడు
వంటింట్లో, చేతిలో రొట్టెముక్కతో.
మా అన్న నోట్లో ఇప్పుడు ఒక్క మాటే మిగిలింది:
రేపు.
దాహమేసినా రేపే, నొప్పెట్టినా రేపే.
కూతుర్ని పిలిచినా రేపే.

నాకు మాత్రలిచ్చారు, నెత్తురు పలచనవ్వాలని.
అయింది.
జూన్‌లో గొడ్డలి అంచు మోకాలి కింద అలా తాకితే
మూడు తువ్వాళ్ళు తడిసిపోయాయి.
కుర్రాడు సెవెరీను నన్ను ట్రాక్టర్ మీద పడుకోబెట్టి
దారి పొడుగునా పాటలు పాడాడు,
భయం వాడిది.
పాత కడుపు పుండు కూడా అప్పుడే నోరు తెరిచింది.

ఎవొరాలో డాక్టరమ్మ మందుచీటీ వెనక బొమ్మ గీసింది.
గుండెకీ ఒక చెవి ఉందట,
ఎడమ గదిని అంటుకుని, బొటనవేలంత సంచి.
ఏమీ వినని చెవి.
గుండె వరస తప్పితే నెత్తురు అందులో మడుగు కడుతుంది.
మడుగులో గడ్డ పుడుతుంది.
ఆ గడ్డ ఏదో ఒక ఉదయం
మెదడు దాకా ప్రయాణం కడుతుంది.
శనగగింజంత ఉంటుందేమో.
దాని కింద పడి నలిగాయి మా అన్న మాటలన్నీ.

"ఆ చెవి మూసేద్దాం" అంది.
"గొడ్డలి మానేస్తే సరిపోదా?" అని నువ్వడిగావు.
నేను అప్పటికే సంతకం పెట్టేశాను.

తొడ దగ్గర సిరలోంచి వెళ్ళారట,
సన్నటి గొట్టంలో ముడుచుకుని ఒక తీగల గొడుగు,
లోపల, ఆ గుమ్మంలో, విచ్చుకుందట.
నాకేం తెలుసు, నిద్రలో ఉన్నాను.
లేచేసరికి గొంతు మంట, తొడ మీద నల్లటి కమురు.
గుండె ఇప్పటికీ వరస తప్పుతుంది.
బిరడా దాన్ని బాగుచెయ్యదు,
ఆ సంగతి ముందే చెప్పింది డాక్టరమ్మ.

కొన్నాళ్ళకి ఆ తీగల మీద
నా ఒంటి పొరే పాకి కమ్ముకుంటుందట.
అది విన్నప్పుడు మాత్రం మంచమ్మీద లేచి కూర్చున్నాను.
ఒలిచిన మాను ఎర్రగా, సిగ్గుగా నిలబడి
మెల్లగా చొక్కా తొడుక్కోవడం
నేను చూడనిదా?
ఒలిచిన ఏడాది చివరి అంకె
తెల్లరంగుతో మాను మీద రాస్తాం,
తొమ్మిదేళ్ళు ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు.
"నా ఛాతీ మీదా ఒకటి రాయండి" అన్నాను.
డాక్టరమ్మకి అర్థం కాలేదు.
నర్సు తాత గొడ్డలివాడట.
టేపు పక్కన, పెన్నుతో, చిన్నగా నాలుగు వేసింది.
రెండో స్నానానికి పోయింది.

నిన్న అనీబల్ దగ్గర చొక్కా విప్పాను.
పనిచేసే చేత్తో నా భుజం పట్టుకుని
చెవి ఆనించాడు.
చాలాసేపు.
గొడ్డలి మోత వినేటప్పటి ముఖమే అది,
కనుబొమలు దగ్గరికి లాగి, నోరు కొంచెం తెరిచి.
పిల్లి నడుస్తూనే ఉంది.

"రేపు" అన్నాడు.

ఒలుపు మొదలయ్యేది నిజంగానే రేపు.
గుండీలు పెట్టుకుని
గొడ్డలి నూరడానికి కూర్చున్నాను.